యాభై రెండు మీటర్ల దగ్గర నా సంతకం

రోజు 1
పై నీటి వేడి 33. అడుగున 22. చూపు రెండు చేతుల దూరం. కుళాయి వదిలింది యాభై నిమిషాలు.

ఓదెలు పలక ఇవాళ్టికి నా చేతికొచ్చింది. అతను పోయి పదకొండు రోజులు. ఇన్నాళ్ళూ అది సూపరింటెండెంట్ ప్రభంజన్ బీరువాలో ఉంది. అడిగినప్పుడల్లా "తాళంచెవి కనబడటం లేదండీ కాత్యాయని గారూ" అన్నాడు. ఇవాళ నేను కుర్చీ లాక్కుని బీరువా ముందు కూర్చునేసరికి కనబడింది.

తెల్ల ప్లాస్టిక్ పలక, అరచేతికంటే కాస్త పెద్దది, మూలన దారంతో కట్టిన పెన్సిలు ముక్క. బాయిలో, అంటే నీళ్ళు నిండిన ఈ పాత బొగ్గు గోతిలో, దిగే ప్రతి మనిషి మణికట్టుకీ ఒకటి వేలాడాలి. నీళ్ళ కింద రాసిందే సాక్ష్యం. పైకొచ్చాక ఒక్క అక్షరం చెరపకూడదు, దిద్దకూడదు. ఈ నియమం పెట్టింది నేనే, పదిహేనేళ్ళ కింద. మనుషులు ఒడ్డునే అబద్ధాలాడతారు, అడుగున ఆడలేరు అనుకునేదాన్ని.

ఓదెలు రాసింది ఇది: "గేటు జల్లెడ సాఫ్. గాలి 90. అంతా మంచిగుంది."

రాత గుండ్రంగా, ఒద్దికగా ఉంది. సిలిండర్లలో తొంభై బార్ల గాలి మిగిలి ఉండగానే అతను చచ్చిపోయాడు. పైన తెప్ప మీద తాడు పట్టుకుని కూర్చున్న యాకూబ్ భాయ్ ఎంత లాగినా తాడు కదల్లేదు. నేను దిగి చూస్తే తాడు, అడుగు నుంచి కుళాయిలకి నీళ్ళు వదిలే గేటు కమ్మీకి కట్టి ఉంది. రెండు చుట్లు, ఒక మెలిక, చివర బిగింపు. ఓదెలు తన నడుముకున్న తాడు తనే విప్పి, గేటుకి కట్టాడు. కట్టి, చీకట్లో ఎటో ఈదుకుంటూ పోయాడు. పది మీటర్ల అవతల బురదలో దొరికాడు. గాలి గొట్టం నోట్లో లేదు, చేతిలో ఉంది, ఎవరికో ఇవ్వబోతున్నట్టు.

"గేటుకెందుకు గట్టిండు మేడం? గేటు యాడికన్న ఉరుకుతదా?" అని యాకూబ్ భాయ్ ఆ రోజు అడిగాడు. ఇవాళా అడిగాడు.

తెలియదన్నాను. ఓదెలుకి అర్హత పత్రం మీద సంతకం పెట్టింది నేను.

రోజు 2

శిక్షణకొచ్చిన కొత్త బ్యాచ్ నలుగురు. మార్కుల దగ్గర పిసినారినని వాళ్ళు నన్ను 'సున్నా మేడం' అంటారని తెలుసు. ఇవాళ వినబడేలాగే అన్నారు.

పొద్దున్నే ఏడో బెంచి నుంచి కిందికి దిగాను. బొగ్గు తవ్విన రోజుల్లో లారీలు తిరగడానికి కోసిన మెట్లు ఇవి. అప్పటి మాటే మిగిలింది, బెంచీలు. ఇప్పుడు వాటి మీద ఇళ్ళు. గొయ్యి అడుగున నీళ్ళు. పైన నేల మీద ఎండలో పది నిమిషాలు నిలబడలేం కాబట్టి ఊరంతా గోతిలోకి దిగి బతుకుతోంది. దక్షిణపు గోడ వారగా ఉన్నవి నీడ బెంచీలు. ఎదురుగా ఉత్తరం వైపువి ఎండ బెంచీలు. గేటు దగ్గరికి దిగే మనిషి కుటుంబానికి నీడ బెంచిలో క్వార్టరు ఇస్తారు. అందుకే ఎండ బెంచీల వాళ్ళే బాయిలో దిగడానికి వస్తారు. ఈ బ్యాచ్ నలుగురూ అక్కడివాళ్ళే.

మూడో బెంచి మీద పాత జలాంతర యంత్రం ఉంది. మనిషి దిగక్కర్లేకుండా గేటు తోమిపెట్టేదట. దానికి కావలసిన చిప్పులు ఇక ఎక్కడా తయారు కావు. ఇప్పుడందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. హీలియం కలిపిన గాలి పీలిస్తే లోతులో మత్తెక్కదని కూడా పుస్తకాల్లో ఉంది. హీలియమూ పుస్తకాల్లోనే ఉంది. మాకున్నది మామూలు గాలి. ముప్పై మీటర్లు దాటితే ఈ గాలిలోని నత్రజనే కల్లవుతుంది. ఇక్కడివాళ్ళు దాన్ని కైపు అంటారు.

నలుగురిలో గట్టిది బొంకూరి సమ్మక్క. ఇరవై ఆరేళ్ళు. తల్లి లింగవ్వకి రెండుసార్లు వడదెబ్బ తగిలింది. మూడోసారి తగిలితే ఏమవుతుందో సమ్మక్కకి తెలుసు కాబట్టి మిగతా ముగ్గురిలా నవ్వదు.

ఇవాళ నలభై ఐదు మీటర్ల దగ్గర ఆమె పద్దెనిమిదో మునక. పరీక్షలో పది అంశాలు: ఎనిమిది లెక్కలు, గాలి మీటరు చూసి రాయడం, ఒక ఇనుప కమ్మీకి తాడు ముక్క కట్టడం. నాలుగు నిమిషాల్లో పదికి పది.

"ఇంక రెండు మునుగుళ్ళు మేడం. ఇరవై అయితయి. మీరు సంతకం పెట్టాలె," అంది తెప్ప ఎక్కుతూనే.

"చూద్దాం."

"చూసుడేంది? ఇరవై అంటే ఇరవై. రాసింది మీరే కద."

రాసింది నేనే.

రోజు 3
కుళాయి నలభై నిమిషాలు. నీళ్ళలో పాచి వాసన.

కమ్మీ గురించి ఆలోచించడం మానలేకపోతున్నాను.

నాకు ఇరవై ఏడేళ్ళప్పుడు, నగరంలో విశ్వవిద్యాలయం ఇంకా తెరిచి ఉన్న రోజుల్లో, పదకొండు మంది విద్యార్థుల్ని, లోతు నీళ్ళలో ఉండేంత గాలి ఒత్తిడి నింపిన గదిలో కూర్చోబెట్టి ఇరవై సార్లు కైపెక్కించాను. మొదటిసారి సగటు మార్కులు నూటికి నలభై ఒకటి. ఇరవయ్యోసారి తొంభై రెండు. శరీరం కైపుకి అలవాటు పడుతుందని రాశాను. నాకు డాక్టరేటు వచ్చింది. ఈ ఊరికి ఇరవై మునకల సూత్రం వచ్చింది.

ఇరవై సార్లూ ప్రశ్నపత్రం ఒక్కటే. కాగితం దొరక్క ఒకే కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి వాడాం. ఇప్పటికీ ఆ పది అంశాలే. ఓదెలుకీ అవే, సమ్మక్కకీ అవే.

అయితే అలవాటయింది కైపు కాకపోవచ్చు. ప్రశ్నపత్రం అయివుండొచ్చు.

ఓదెలు కమ్మీని చూశాడు. ఇరవై సార్లు కమ్మీ చూడగానే తాడు కట్టాడు. ఇరవై ఒకటోసారీ కట్టాడు. అక్కడ నడుముకున్నది తప్ప వేరే తాడు లేదు.

నేను తొందరపడుతున్నానా? ఒక్క చావుని పట్టుకుని పంతొమ్మిదేళ్ళ పనిని కొట్టేయొచ్చా? నాకు ప్రతిదానికీ అనుమానమే అని నా మాజీ భర్త అనేవాడు. ఉప్పు వేశానా లేదా అని కూర మూడుసార్లు రుచి చూస్తానని. నిజమే, చూస్తాను.

రోజు 5

చూశాను.

లెక్కల అంకెలు మార్చాను. మీటరు బదులు గడియారం పెట్టాను. కమ్మీకి తాడు కట్టమనలేదు, కట్టి ఉన్నదాన్ని విప్పమన్నాను. కష్టం పెంచలేదు. ఒడ్డున కూర్చోబెట్టి ఇస్తే నలుగురూ నవ్వుతూ పదికి పది చేశారు.

నలభై ఐదు మీటర్ల దగ్గర సమ్మక్కకి మూడొచ్చాయి. మిగతావాళ్ళకి రెండు, రెండు, సున్నా.

తెప్ప మీద సమ్మక్క పలక రెండు వైపులా తిప్పి చూసింది, వేరేవాళ్ళ పలక తెచ్చి కట్టానేమో అన్నట్టు.

"మోసం చేసిన్రు," అంది.

"ఒడ్డున నువ్వే చేశావుగా ఈ లెక్కలు."

"ఒడ్డున జేసిన. కిందికి వోయినంక ఏం మతలబు చేసిన్రో. పందొమ్మిది మునుగుళ్ళు మేడం! చెవుల్లకెల్లి రక్తం వచ్చినా మునిగిన. ఇగ మా అవ్వకేం చెప్పాలె?"

"నేనూ నీతో కిందే ఉన్నాను సమ్మక్కా. నాకూ అదే గాలి."

"గందుకే. మీకు కైపెక్కి తప్పులు దిద్దినట్టున్నరు!"

ముగ్గురూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నలభై ఐదు మీటర్ల దగ్గర నలుగురి చేతులూ కళ్ళూ గమనించి ఎవరు అర్హులో తేల్చేదాన్ని నేను. అక్కడ నేను తేల్చినదేమిటి ఇన్నేళ్ళూ?

రోజు 6
కుళాయి ఇరవై ఐదు నిమిషాలు. ఐదో బెంచి దగ్గర బిందెలతో కొట్టుకున్నారు. ఒకామెకి నుదురు చిట్లింది.

ప్రభంజన్ గదిలో ఫ్యాను తిరుగుతుంది. ఊళ్ళో తిరిగే మూడింటిలో ఒకటి.

"ఓదెలు పోయాక గేటు దగ్గరికి దిగేవాళ్ళు లేరు," అన్నాడు. "యాకూబ్‌కి తుంటి పోయింది. మీకు భుజం పోయింది, జల్లెడ ఎత్తలేరు. పాచి జల్లెడని మూసేస్తోంది. ఇంకో పది రోజులకి చుక్క రాదు. ఇప్పుడు మీరొచ్చి పిల్లలందరూ ఫెయిలు అంటున్నారు."

"పై గేటు తెరవండి. ఇరవై నాలుగు మీటర్లే. అక్కడ కైపుండదు. సమ్మక్క రేపే తెరుస్తుంది."

"ఎర్ర నీళ్ళు."

"ఎర్ర నీళ్ళే. ఇనుము. వడగట్టుకుని తాగొచ్చు."

"అన్నం ఎర్రగా, పళ్ళు ఎర్రగా, బట్టలు ఎర్రగా. ఆ నీళ్ళు మళ్ళీ తాగించనని మాటిచ్చి ఈ కుర్చీలో కూర్చున్నానండీ." ఫ్యాను తన వైపు తిప్పుకున్నాడు. "సూత్రం మీది. పరీక్ష మీది. దాని మీద ఊరు ఇన్నేళ్ళు నీళ్ళు తాగింది. ఇప్పుడు మీకు అనుమానం వచ్చిందని ఊరు గొంతెండి చావాలా?"

"ఓదెలు..."

"ఓదెలుది దురదృష్టం. సమ్మక్కని సోమవారం దింపుతున్నాను. మీ సంతకం ఉంటే మర్యాదగా ఉంటుంది. లేకపోతే పరీక్షాధికారి లేకుండానే దింపుతాను. ఆ పదవి ఉండాలని ఎక్కడా రాసిలేదు."

తలుపు దాకా వచ్చాక వెనక్కి తిరిగి అడిగాను. ఈ ఊళ్ళో అందరికంటే ఎక్కువ మునకలు ఎవరివి?

"మీవే."

"మూడు వందల పన్నెండు. అలవాటనేది ఉంటే అందరికంటే ముందు నాకుండాలి. యాభై రెండు మీటర్లకి, గేటు దగ్గరికే దిగుతాను. కొత్త ప్రశ్నలు మీరే రాయించండి. పదికి ఎనిమిది వస్తే సంతకం పెడతాను. రాకపోతే పై గేటు తెరవాలి."

"మీకొస్తాయి. మీ సంగతి మీకు తెలీదు," అన్నాడు. అతను నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

రోజు 7

ఎండ బెంచికి వెళ్ళాను. రేకుల కప్పు మీద తడి గోనెలు పరిచే నీళ్ళు కూడా లేవు. లింగవ్వ గుమ్మంలో కూర్చుని మెడ మీద తడిగుడ్డ వేసుకుంది. నన్ను చూసి లోపలికి జరిగింది, రమ్మనలేదు.

సమ్మక్కకి పందెం సంగతి ముందే తెలిసింది.

"ఎందుకు దిగుతున్నరో నాకెరుకే. కావాలనే తప్పులు రాస్తరు. పైకొచ్చి, చూసిన్రా అంటరు. ఎవరు పట్టుకుంటరు మిమ్ముల?"

ఇది నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు.

"ప్రశ్నలు నువ్వే రాయి," అన్నాను చివరికి.

"నేనేం రాసినా మీరు తప్పు జెయ్యాలనుకుంటే జేస్తరు కద."

"ఆరు మీటర్ల దగ్గర అదనపు సిలిండరుతో స్టాండ్‌బై ఉండాలి ఒకరు. అదీ నువ్వే ఉండు. నన్ను ముందుగా చూసేది నువ్వే అవుతావు."

"ఉంట," అంది. "మీరు మునిగితే మాత్రం నేను దిగ. చెప్తున్న."

లింగవ్వ లోపల్నుంచి "ఏమే, పెద్దమనిషితోని గట్లనే మాట్లాడుతరా?" అంది. సమ్మక్క తల తిప్పలేదు.

రోజు 8
మునక 313. ఉదయం తొమ్మిదిన్నర. లోతు 52. అడుగున 12 నిమిషాలు.

దిగేముందు యాకూబ్ భాయ్ నా బెల్టు పట్టుకుని దగ్గరికి లాగాడు. తాడు చివర ముడి లేదు. ఇనుప కొక్కెం బెల్టు రింగుకి వేసి, బోల్టు దూర్చి, మర బిగించి, బోల్టు కొనని సుత్తితో చదును చేశాడు.

"ఇది నియమానికి విరుద్ధం భాయ్. అవసరమైతే మనిషి తాడు విప్పుకోగలగాలి."

"ఓదెలు విప్పుకున్నడు కద. మీ రూలు మీ దగ్గర వెట్టుకోన్రి మేడం."

గట్టిగా వాదించాను. వినలేదు. రంపం లేకుండా ఊడదు ఆ బోల్టు.

ఇక అడుగున నాకు గుర్తున్నది.

ముప్పై దాటాక చెవుల్లో సన్నటి రొద, ఎప్పుడూ ఉండేదే. నలభై దాటాక చలి తెలియడం మానేసింది. గేటు కనిపించినప్పుడు ఒక హాయి. ఆ హాయి ఎలా చెప్పాలి? నలభై ఆరేళ్ళుగా నా తలలో ఒకామె కూర్చుని ప్రతి పనికీ 'నిజంగానా?' అంటుంది. అక్కడ ఆమె లేదు. గేటు గేటులా ఉంది. లెక్కలు లెక్కల్లా ఉన్నాయి. వరసగా రాసుకుంటూ పోయాను, ఎక్కడా ఆగలేదు. అంత స్పష్టంగా ఎప్పుడూ లేను. ప్రభంజన్ మంచివాడనిపించింది. సమ్మక్క మీద ప్రేమ కలిగింది. పదికి పది వచ్చాయని నాకు తెలుసు. నమ్మకం కాదు, తెలుసు.

ఇంకేమీ గుర్తు లేదు. తాడు మూడుసార్లు గుంజుకుంది, పైకి బయలుదేరాను.

ముప్పైకి పైన కైపు దిగిపోయింది. ఎప్పుడూ అంతే, తలనొప్పి కూడా మిగల్చదు. ఆరు మీటర్ల దగ్గర కమ్మీ పట్టుకుని వేలాడాను. రక్తంలోని నత్రజని బయటికి పోవడానికి అక్కడ ఇరవై రెండు నిమిషాలు ఆగాలి. ఎండ నీళ్ళలోకి పచ్చగా దిగుతోంది. పలక తిప్పి చూసుకున్నాను.

సమ్మక్క ఇచ్చిన మొదటి లెక్క పంతొమ్మిదీ పాతికా. నేను నలభై మూడని రాశాను. రెండోది ఏడెనిమిదులు. డెబ్భై రెండని రాశాను. మూడోది వందలోంచి నలభై ఆరు. అరవై మూడని రాశాను.

నలభై మూడు, డెబ్భై రెండు, అరవై మూడు. పాత పత్రం జవాబులు. పంతొమ్మిదేళ్ళుగా దిద్దిన జవాబులు. ఆమె ప్రశ్నలు నేను చదవనేలేదు. కళ్ళు అంకెల మీద పడ్డాయి, చెయ్యి తన పాటికి తను రాసుకుపోయింది. ఎనిమిది లెక్కలూ అంతే.

పలక అడుగున, ఎవరూ అడగని చోట, ఇంకా రాసి ఉంది. నా చేతిరాతే. కానీ నేనెప్పుడూ అంత పెద్ద అక్షరాలు రాయను.

"నలుగురూ అర్హులే. ఏ అనుమానమూ లేదు."

కింద నా సంతకం, పూర్తి పేరుతో.

బొటనవేలితో రుద్దితే పోతుంది. తెల్ల ప్లాస్టిక్ మీద పెన్సిలు, అంతే కదా. ఆ చివరి రెండు వాక్యాలూ చెరిపేస్తే తప్పు లెక్కలు మాత్రం మిగులుతాయి. పందెం గెలుస్తాను, సమ్మక్క సోమవారం దిగదు. చెరపకపోతే నియమం ప్రకారం అది చెల్లే సంతకం. ఆ నియమం నాదే.

బొటనవేలు పలక మీద పెట్టాను కూడా. అప్పుడే చూశాను. గోరు సగమే ఉంది.

బొటనవేలికీ చూపుడువేలికీ గోళ్ళు సగానికి విరిగి ఉన్నాయి. నడిమి వేలి గోరు చర్మం దగ్గరికంటా లేచిపోయి వేలాడుతోంది. చిన్న ముదురు దారంలా రక్తం నీళ్ళలోకి పోతోంది. నొప్పి అప్పుడు మొదలైంది. బెల్టు రింగు చూసుకున్నాను. బోల్టు చుట్టూ, ఇనుము మీద, తెల్లటి గీతలు.

విప్పుకోవాలని చూశాను. గేటు కమ్మీ కనిపించిందిగా మరి. కట్టడానికి తాడు కావాలి.

పక్కకి చూస్తే సమ్మక్క. ఎంతసేపటి నుంచి ఉందో. అద్దంలోంచి ఆమె కళ్ళు నా పలక మీద ఉన్నాయి, తర్వాత నా చేతి మీదికొచ్చాయి. చెయ్యి పట్టుకుని తన ముఖం దగ్గరికి తెచ్చుకుంది. వేలాడుతున్న గోరుని వేలితో కదిపింది. నేను అరిచి ఉంటాను, బుడగలు లేచాయి.

తర్వాత ఆమె బెల్టు రింగు పట్టుకుని బోల్టు తడిమింది.

పలక చెరపలేదు. నాలో ఏ మంచితనం వల్లా కాదు. ఆమె చూసేసింది కాబట్టి.

రోజు 8, సాయంత్రం

తెప్ప మీదే పంచాయితీ. ఒడ్డున బిందెలు పట్టుకున్న జనం. ప్రభంజన్ పలక తీసుకుని, మొదట చదివింది చివరి వాక్యాలు. గట్టిగా చదివాడు.

"ఇంక మాట్లాడేదేముంది? యాభై రెండు మీటర్ల దగ్గర రాసిన సాక్ష్యం. సంతకం కూడా ఉంది. సోమవారం దిగుతున్నావు సమ్మక్కా."

జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు.

"లెక్కలు కూడా చదవండి," అన్నాను.

"లెక్కలు మీరు కావాలనే తప్పు రాశారు. ఎవరికి తెలీదది?"

సమ్మక్క మాస్కు నుదుటి మీదికి తోసుకుంది. "కావాల్నని లెక్కలు తప్పు రాసినోళ్ళు, కిందనే పాస్ అని సంతకమెందుకు వెడతరు సార్?"

ప్రభంజన్ ఆమె వైపు తిరిగాడు. "నీకు క్వార్టరొద్దా?"

"కావాలె."

"మరి?"

ఆమె నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది, అది నాది కానట్టు. తుడిచిన చోట మళ్ళీ రక్తం కారుతోంది. "గిది గూడ కావాల్నని జేసుకున్నదా? బోల్టు చూడున్రి. కాకా, చూపెట్టు." యాకూబ్ భాయ్ బెల్టు ఎత్తాడు. "మూడు వందల మునుగుళ్ళ మనిషి. నావి పందొమ్మిది. నా తాడుకు బోల్టు లేకుంటే నేను యాడ వోదును?"

"నీ తాడుకీ బోల్టు వేయిస్తాం," అన్నాడు ప్రభంజన్ వెంటనే.

"గొట్టం నోట్లకెల్లి తియ్యకుంట మూతికి బోల్టు ఏస్తరా సార్?"

ఎవరో నవ్వారు, నవ్వి ఊరుకున్నారు. ఒడ్డున ఒకామె తిట్టడం మొదలుపెట్టింది, ఎవరినో తెలియలేదు. ఎర్ర నీళ్ళంటే తనకి పుట్టిన పిల్లల పళ్ళు గుర్తొస్తాయంది. అందరూ ఒక్కసారిగా అరిచారు. ఆ అరుపుల్లో సమ్మక్క నా చెయ్యి వదిలేసింది, విసిరేసినట్టే.

"మీ మీద ప్రేమతోని కాదు," అంది నాకు మాత్రమే వినబడేలా. "పందొమ్మిది సార్లు ఉత్తగనే ముంచిన్రు నన్ను."

రోజు 12
కుళాయి గంటన్నర. నీళ్ళు ఎరుపు.

నలుగురూ కింది గేటుకి దిగమని మొండికేసేసరికి ప్రభంజన్ ఒప్పుకోక తప్పలేదు. సమ్మక్క నిన్న పై గేటు తెరిచింది. ఇరవై నాలుగు మీటర్లు. కింది గేటు జోలికి ఎవరూ పోవడం లేదు.

పరీక్షాధికారి పదవి రద్దు చేశారు. క్వార్టరు ఖాళీ చేయమన్నారు. ఎండ బెంచిలో లింగవ్వ ఇంటికి మూడిళ్ళ అవతల రేకుల గది ఇచ్చారు. పై గేటు దిగేవాళ్ళకి నీడ బెంచి లేదని ప్రభంజన్ తేల్చేశాడు. నా పాత క్వార్టరుకి తాళం వేసి ఉంచాడు.

దారిలో ఎదురైన వాళ్ళు నా వైపు ఉమ్మడం లేదు, పక్కకి ఉమ్ముతున్నారు. ఉమ్ము ఎర్రగా ఉంటోంది. నేను చేసింది సరైనదేనా? లింగవ్వకి మూడో వడదెబ్బ ఈ ఎండల్లో తగిలితే ఆ లెక్క ఎవరిది? ఒడ్డున కూర్చుంటే నాకు ఏదీ తేలదు. తేలిన చోటు నాకు తెలుసు, అక్కడికి ఇక పోను.

ఇవాళ పొద్దున గుమ్మం ముందు బకెట్ దడాలున పెట్టిన చప్పుడు. బయటికొచ్చి చూస్తే సమ్మక్క. బకెట్ నిండా తుప్పు రంగు నీళ్ళు.

"తాగున్రి మేడం. మీ నీళ్ళే."

అక్కడే ముంచుకుని తాగాను. నాలుక మీద పాత మేకు రుచి. ఆమె నేను గుటక మింగేదాకా నిలబడి చూసింది. తర్వాత మణికట్టుకున్న పలక విప్పి బకెట్ పక్కన పడేసి, తడి చెప్పులతో వెళ్ళిపోయింది. పలకలు నాకు అప్పజెప్పాలని ఇప్పుడు నియమమేమీ లేదు.

నిన్నటి మునకది. కింద రాసింది, చెరపలేదు.

"గేటు తెరిచిన. గాలి 110. తాడు నడుముకే ఉంది. రెండుసార్లు చూసుకున్న."

గోడకి మేకు కొట్టి, ఓదెలు పలక పక్కన తగిలించాను.